డబ్బా పాడవలేదు, లోపలి సాఫ్ట్‌వేర్ పాతబడింది



వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండా గ్రూపులో వచ్చింది. ఏడో అంశం ఇది: "గ్రంథాలయంలోని పాత కంప్యూటరును తీసివేసి కొత్తది కొనుట." ఒక్క వాక్యం. చాలామంది బొటనవేలు గుర్తు పెట్టి ముందుకు సాగిపోయారు. నాకు ఆ వాక్యంలో రెండు చోట్ల పేచీ ఉంది. "పాత" అన్న చోట ఒకటి, "తీసివేసి" అన్న చోట ఒకటి. సమావేశంలో మనిషికి మూడు నిమిషాలే ఇస్తారు, అందులో ఒక నిమిషం మైకు సరిచేసుకోవడానికే పోతుంది. అందుకని ఇక్కడే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, కాఫీ పెట్టుకుని చదవండి.

కొత్తగా చేరిన సభ్యుల కోసం ముందు ఆ కంప్యూటరు సంగతి చెప్తాను. అరచేతిలో పట్టే పచ్చటి పలక అది. ప్రాసెసరు, మెమరీ, తీగలు తగిలించే మూతులు అన్నీ ఆ ఒక్క పలక మీదే ఉంటాయి. పేరు రాస్ప్‌బెర్రీ పై, మన దగ్గర ఉన్నది మూడో మోడల్. (తెలుగులో ఈ పేరు రాస్తే "రాస్ప్‌బెర్రీ పైన ఏముందండీ?" అని అడిగిన పెద్దమనిషి మన సంఘంలోనే ఉన్నారు. పిల్లలు దాన్ని చిట్టి డబ్బా అంటారు, నేనూ అదే అంటాను.) దానికి హార్డ్ డిస్కు ఉండదు. ఫోన్లో వేసే మెమరీ కార్డు లాంటిది అడుగున దూరుస్తాం. సిస్టం సాఫ్ట్‌వేరూ, మన ఫైళ్లూ, సమస్తం ఆ కార్డులోనే. కార్డు తీసేస్తే పలక ఒట్టి పలకే.

2018లో ఒక దాత దీన్ని కొనిచ్చారు. అప్పటి నుంచి అది మూడు పనులు చేసింది. గ్రంథాలయంలో ఉన్న పుస్తకాల జాబితా దానిలో ఉంది. ఆదివారం తెలుగు తరగతి పిల్లలు దాని మీదే తెలుగు టైపు చెయ్యడం నేర్చుకున్నారు. ఇక మూడోది, 2018, 2019 సంవత్సరాల్లో మన పెద్దవాళ్ల చేత మాట్లాడించి రికార్డు చేసిన మాటలు. పెళ్లి పాటలు, పాత మద్రాసు కబుర్లు, వాళ్ల అమ్మమ్మలు చెప్పిన కథలు. "జాస్తి" అనే మాట లేకుండా వాక్యం పూర్తికాని మన ఇంటి తెలుగు, ఇక్కడి తెలుగు. హైదరాబాదులోనూ విజయవాడలోనూ వినిపించనిది.

"ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా, ఈ డబ్బా ఎందుకు?" అని ఒక కార్యవర్గ సభ్యుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ రాష్ట్రంలో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసుకుంటూ వచ్చారు. ఈ నేల మీద ఉంటున్నాం, తమిళం నేర్చుకోవలసిందే, దానితో నాకు తగాదా లేదు. కానీ దాని తరవాత మన పిల్లల్లో ఎక్కువమందికి బడిలో తెలుగు అక్షరం కళ్లబడే అవకాశం పోయింది. ఇంట్లో గడగడా మాట్లాడతారు, రాయమంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. ఫోన్ వాళ్ల చేత చేయించేది అదే. చిట్టి డబ్బా ముందు కూర్చుంటే, తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించిన కీబోర్డు మీద ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో "క" కొట్టి, దానికి కొమ్మో గుడో తగిలించాలి. మధ్యలో రీల్సు రావు, మెసేజీలు మోగవు. నాలుగో తరగతి పిల్ల ఒకతె ఒత్తు ఎక్కడ పడుతుందో తెలుసుకున్నది దాని మీదే.

ఇప్పుడు అది పనిచెయ్యడం లేదు. "పోయింది" అని తేల్చేశారు. రెండు ఆదివారాలు దాని ముందు కూర్చుని చూశాను. ఏమేం కనబడ్డాయో వరసగా చెప్తాను, ఎందుకంటే ఇలాంటి డబ్బాలు మీ ఇళ్లలోనూ, మీ పిల్లల కాలేజీ ప్రాజెక్టుల్లోనూ ఉన్నాయి.

తెర మీద కుడివైపు పైమూల చిన్న మెరుపు గుర్తు వచ్చిపోతూ ఉంది. దాని అర్థం కరెంటు చాలడం లేదని. ఈ మోడల్‌కి 5.1 వోల్టుల, 2.5 ఆంపియర్ల అడాప్టరు కావాలి. 4.63 వోల్టుల కన్నా తగ్గితే ఆ గుర్తు వస్తుంది. చూస్తే ఎవరో పాత ఫోను చార్జరు తగిలించారు. అసలు అడాప్టరు ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి. సరైనది తగిలించగానే మధ్యమధ్యలో బిగుసుకుపోవడం ఆగింది. అంటే "పోయింది" అన్న దాంట్లో సగం వైరు దగ్గరే ఉంది.

తరవాత గడియారం. ఈ మోడల్‌లో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు తీసేస్తే దానికి కాలం తెలియదు. మళ్లీ పెట్టినప్పుడు, ఆఖరిసారి ఆపిన సమయం దగ్గర నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఇంటర్నెట్ దొరికితే సరిచేసుకుంటుంది. మన ఆఫీసు వైఫై పాస్‌వర్డు మార్చారు, ఆ సంగతి డబ్బాకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి అది ఇంకా నిరుటి శ్రావణమాసంలోనే ఉంది. అలాంటప్పుడు నెట్ తగిలించి వెంటనే ఏ వెబ్‌సైటు తెరిచినా "ఈ చోటు భద్రం కాదు" అంటుంది, ఎందుకంటే ఆ వెబ్‌సైటు చూపించే సర్టిఫికెట్టు తేదీ దాని దృష్టిలో ఇంకా రాని కాలంలో ఉంది. ఇది చూసి "వైరస్ పట్టింది" అని గ్రూపులో రాసినవారు ఉన్నారు. వైరస్ కాదండీ, తేదీ.

తేదీ సరిచేశాక అసలు జబ్బు బయటపడింది. లోపల ఉన్నది స్ట్రెచ్ అనే సిస్టం. చిట్టి డబ్బా సాఫ్ట్‌వేరుకు పునాది డెబియన్ అనే ఉచిత సిస్టం. దాని ఒక్కో విడుదలకు టాయ్ స్టోరీ సినిమాల్లోని పాత్రల పేర్లు పెడతారు. 2017లో స్ట్రెచ్, 2019లో బస్టర్, 2021లో బుల్స్‌ఐ, 2023లో బుక్‌వార్మ్, 2025లో ట్రిక్సీ. రెండేళ్లకు ఒకటి చొప్పున వచ్చింది. ఒక్కోదానికి మామూలు సంరక్షణ మూడేళ్లు, ఆ పైన మరో రెండేళ్లు పొడిగింపు, మొత్తం సుమారు ఐదేళ్లు. స్ట్రెచ్‌కి ఆ పొడిగింపు కూడా 2022 జూన్ 30తో ముగిసింది. ఇది రహస్యం కాదు. కొన్న రోజునే తెలిసే సంగతి. అద్దె ఇంటి ఒప్పందంలో గడువు రాసి ఉన్నట్టే ఇక్కడా ఉంది, మనం ఆ కాగితం చదవలేదు.

అందుకే డబ్బాను "అప్‌డేట్ చేసుకో" అంటే అది పాత చిరునామాకు వెళ్లి "404" అనే జవాబుతో తిరిగివస్తోంది. ఆ చోట ఏమీ లేదని దాని అర్థం. గడువు తీరిన విడుదలల ఫైళ్లను మామూలు సర్వర్లలోంచి తీసి, పాతవాటి కోసం పెట్టిన వేరే చోటికి చేరుస్తారు. చుట్టం ఇల్లు మారాడు, మనం పాత ఇంటి తలుపే కొడుతున్నాం. చిరునామా మార్చి రాస్తే ఫైళ్లు దొరుకుతాయి, నిజమే. కానీ దొరికేవి ఆనాటి ఫైళ్లే. కొత్త రక్షణ ఏదీ రాదు. కొంతమంది ఇక్కడితో "సరి అయిపోయింది" అనుకుంటారు, తప్పుల మెసేజీ పోయింది గనక. జ్వరం కొలిచే గొట్టం విరగ్గొడితే జ్వరం తగ్గినట్టు.

ఇక పలక సంగతి. నా దగ్గర ఉన్న వేరే కార్డులో కొత్త సిస్టం వేసి, మన పలకలో దూర్చి చూశాను. చక్కగా లేచింది. తెర వచ్చింది, కీబోర్డు పనిచేసింది, వైఫై దొరికింది. కాబట్టి ఎజెండాలో రాసిన "పాత కంప్యూటరు" పాతది కాదు. ఇంకో సంగతి వినండి. మొట్టమొదటి రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. దాని మీద కూడా ఇవాళ్టి 32 బిట్ల సిస్టం ఎక్కుతుంది. మెల్లగా నడుస్తుంది, అయినా నడుస్తుంది. మనది దానికన్నా నాలుగేళ్లు చిన్నదైన మోడల్. దీన్ని పారెయ్యడానికి తొందరేమిటి?

ఇక్కడ ఒక వాదన వస్తుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. "పనిచేస్తున్నదాన్ని కదపకూడదు. 2018 నుంచి ఎవరూ ముట్టుకోలేదు, అందుకే ఇన్నాళ్లు నడిచింది" అని మన మాజీ కోశాధికారి గారి మాట. డబ్బాకు నెట్ లేకుండా, పుస్తకాల జాబితా చూపించే పని ఒక్కటే చేస్తుంటే ఆయన చెప్పింది పూర్తిగా నిజం. నెట్‌తో సంబంధం లేని యంత్రం ఇరవై ఏళ్ల పాత సాఫ్ట్‌వేర్‌తో కూడా హాయిగా ఉండవచ్చు. కానీ మన డబ్బా నెట్‌లో ఉంటుంది. అదే వైఫైలో ఆఫీసు కంప్యూటరు ఉంది. అందులో మన సభ్యుల చిరునామాలు, ఫోన్ నంబర్లు, విరాళాల లెక్కలు ఉన్నాయి.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబరేటరీలో 2018లో దొంగలు చొరబడ్డారు. దారి ఇచ్చింది ఏమిటంటే, అనుమతి లేకుండా వాళ్ల నెట్‌వర్కుకు తగిలించి ఉన్న ఒక రాస్ప్‌బెర్రీ పై. సుమారు 500 మెగాబైట్ల సమాచారం పోయింది. దాదాపు పది నెలలు ఎవరూ గమనించలేదు. 2019 జూన్‌లో వాళ్ల తనిఖీ నివేదికే ఈ సంగతి బయటపెట్టింది. అంగారకుడి మీద బండ్లు నడిపేవాళ్లకే తమ గదుల్లో ఏ డబ్బా తగిలించి ఉందో జాబితా సరిగ్గా లేదు. మనకు ఉందా? అంతకు ముందు 2017లో, ఈ పలకలనే వెతికి పట్టుకుని వాటి చేత దొంగ క్రిప్టో డబ్బు తవ్వించే వైరస్ ఒకటి వచ్చింది. అది లోపలికి దూరడానికి వాడింది కంపెనీ పెట్టి పంపిన పేరు, పాస్‌వర్డులే. ఆ పేరు "పై", పాస్‌వర్డు "రాస్ప్‌బెర్రీ". లోకమంతటికీ తెలిసిన తాళంచెవి. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన సిస్టంలో ఆ పద్ధతే తీసేశారు, మొదట్లోనే మన సొంత పేరు, పాస్‌వర్డు పెట్టుకోవాలి. మన డబ్బాలో ఈ రోజు దాకా ఆ పాతదే ఉంది.

తెలుగు వాళ్లుగా మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో ఐఫోన్‌కి మెసేజీగా పంపితే ఆ యాప్ కూలిపోయేది. కొందరి ఫోన్లు మళ్లీమళ్లీ ఆగి మొదలయ్యేవి. ప్రపంచమంతా తెలుగు అక్షరాన్ని చూసి భయపడిన వారం అది. ఆపిల్ వాళ్లు ఫిబ్రవరి 19న 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. వేసుకున్నవాళ్లకు బాధ తీరింది, వేసుకోనివాళ్లకు తీరలేదు. తెలుగు అక్షరం తెర మీద కనబడడం పలక మీద బలపంతో రాసినట్టు కాదని ఆ వారం అందరికీ తెలియాల్సింది. హల్లు, పొల్లు, ఒత్తు, గుణింతం కలిపి ఒక ఆకారంగా కూర్చేది సిస్టం సాఫ్ట్‌వేరే. అది పాతదైతే మన అక్షరమూ పాతచోటే ఆగుతుంది.

దీనికి మన గ్రంథాలయంలోనే సాక్ష్యం ఉంది. పాత అచ్చు పుస్తకాల్లో మాట చివర వచ్చే పొల్లు నకారానికి ఒక ప్రత్యేక రూపం వాడేవాళ్లు. నకారపొల్లు అంటారు. దానికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2021 సెప్టెంబరులో. అంటే 2017 నాటి స్ట్రెచ్‌లోని ఫాంట్లకు అలాంటి అక్షరం ఒకటి ఉందనే తెలియదు. మన పాత పుస్తకాల పేర్లు ఉన్నది ఉన్నట్టు ఎక్కిద్దామని మొన్న ఒక మాస్టారు ప్రయత్నిస్తే ఖాళీ డబ్బీ కనబడింది. ఆయన తన టైపింగే తప్పనుకున్నారు. తప్పు ఆయనది కాదు.

సరే, కొత్తది కొందామంటే? కొనండి, డబ్బుంటే నాకేం అభ్యంతరం. కానీ ఒక లెక్క చూసుకోండి. కొత్త డబ్బా తెస్తారు, దానిలో ట్రిక్సీ ఉంటుంది, దానికీ ఐదేళ్ల గడువే. మధ్యలో ఎవరూ చూడకపోతే మళ్లీ ఇదే ఏడో అంశం, ఇదే బొటనవేలు. టాబ్లెట్ కొందామన్నవాళ్లకు ఇంకో మాట. టాబ్లెట్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే మామూలు మనిషి చెయ్యగలిగింది ఏమీ ఉండదు. ఈ పలకలో కార్డు తీసి ఇంకో కార్డు వేసుకోవచ్చు. మన పిల్లలే చెయ్యవచ్చు. ఏడాది కాంట్రాక్టు మీద బయటివాళ్లకు ఇద్దామన్న సూచన కూడా విన్నాను. వాళ్లు వచ్చి తుడిచి, బిల్లు ఇచ్చి వెళ్తారు. తెలుగు కీబోర్డు ఎలా అమర్చాలో వాళ్లకు మనమే నేర్పాలి.

ఇప్పుడు "తీసివేసి" అన్న మాట దగ్గరికి వస్తాను. నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది అదే.

పాత కార్డు అడుగున వెనుకటి రికార్డింగులు ఉన్నాయన్నాను కదా. మొత్తం నలభై రెండు ఫైళ్లు. ఏ మరమ్మతు మొదలుపెట్టకముందే, కార్యదర్శి గారిని పక్కన కూర్చోబెట్టుకుని వాటిని కాపీ తీశాను. ముప్పయ్యొమ్మిది వచ్చాయి. మూడు చదవనంటోంది. ఇన్నేళ్లు కరెంటు పోయినప్పుడల్లా, ఎవరికి తోచినప్పుడు వాళ్లు ప్లగ్గు లాగేసినప్పుడల్లా కార్డు కొంచెం కొంచెం అరిగింది. ఈ కార్డుల్లో ఒక్కో గదికి ఇన్నిసార్లే రాయగలమనే హద్దు ఉంటుంది, పైగా రాస్తూ ఉండగా కరెంటు పోతే సగం రాసిన ఫైలు చెడిపోతుంది. ఆ మూడింట్లో ఒకటి పెరంబూరు మామ్మగారిది. ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ పాడిన అప్పగింతల పాట ఆ కుటుంబంలో ఎవరికీ పూర్తిగా రాదని వాళ్ల కోడలే నాతో అన్నారు.

పాత డబ్బా ఇచ్చి కొత్తది తెచ్చే మార్పిడి బేరంలో కార్డు కూడా దానితోనే వెళ్లిపోతుంది. కార్డు ప్రత్యేకంగా ఉందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు గనకే మొదట్లో అంత వివరంగా రాశాను. ఆ కార్డును ఇప్పుడు తీసి, కవరులో పెట్టి, పైన తేదీ రాసి, బీరువాలో లెక్కల పుస్తకాల పక్కన పెట్టాం. దయచేసి దాన్ని ఎవరూ ఏ యంత్రంలోనూ పెట్టి "చూద్దాం" అనుకోవద్దు. తెరిచిన ప్రతిసారీ అది ఇంకొంచెం అరగవచ్చు. డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చదవగలిగిన భాగాలన్నీ ముందు లాగి పక్కన పెట్టి, కష్టమైన చోట్లకు తరవాత మళ్లీమళ్లీ వెళ్తుంది. అసలు కార్డు మీద ఒక్క అక్షరం రాయకుండానే ఇదంతా చేస్తుంది. దానితో ప్రయత్నించాలి. వస్తుందని హామీ ఇవ్వలేను. రాదని ముందే తేల్చి తూకానికి వెయ్యడం మాత్రం ఒప్పుకోను.

మరమ్మతు విషయంలో ఒక్క సాంకేతిక మాట, ఉత్సాహవంతులైన మన కుర్రాళ్ల కోసం. స్ట్రెచ్ నుంచి బస్టర్‌కి, అక్కడి నుంచి బుల్స్‌ఐకి మెట్టుమెట్టుగా ఎక్కిద్దామని ఒక అబ్బాయి అన్నాడు. కుదరదని కాదు గానీ, ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి విరుగుతుంది, ఆ చిక్కులు విప్పడానికి ఆదివారాలు చాలవు. రాస్ప్‌బెర్రీ పై వాళ్లు కూడా కొత్త కార్డులో శుభ్రంగా కొత్త సిస్టం వేసుకుని, మన ఫైళ్లు అందులోకి తెచ్చుకోమనే చెప్తారు. దానికి ఇమేజర్ అని వాళ్లదే చిన్న సాధనం ఉంది. మామూలు కంప్యూటరులో కార్డు పెట్టి, మోడల్ ఎంచుకుని, పేరు, పాస్‌వర్డు, వైఫై ముందే రాసేస్తే అరగంటలో కార్డు తయారు. మనది ఒక్క గిగాబైటు మెమరీ ఉన్న పలక గనక 32 బిట్ల రకం చాలు. కార్డు మాత్రం పేరున్న కంపెనీది, రిచీ స్ట్రీట్‌లో బిల్లుతో కొనండి. నకిలీ కార్డులు మీద 64 అని రాసుకుని లోపల అందులో సగం కూడా ఉండవు. మంచి కార్డు ఖరీదు ఇద్దరు మనుషులు హోటల్లో భోంచేసినంత ఉంటుందేమో.

నిజంగా శ్రమ పడవలసింది వేరేచోట ఉంది. పుస్తకాల జాబితా చూపించే ప్రోగ్రాం అప్పట్లో ఇంజినీరింగు చదువుతున్న మన కుర్రాడు పైథాన్ 2లో రాశాడు. పైథాన్ 2కి 2020 జనవరి 1తో నూకలు చెల్లాయి, బుక్‌వార్మ్ నుంచి అది డెబియన్‌లోనే లేదు. కాబట్టి ఆ ప్రోగ్రాంను తిరగరాయాలి. జాబితాకు మాత్రం భయం లేదు, అది మామూలు పట్టికగా వేరే ఫైలులో ఉంది, నా దగ్గర తెరుచుకుంది. అలాగే కొత్త సిస్టంలో తెర నడిపే పద్ధతే మారింది. తెలుగు, ఇంగ్లీషు కీబోర్డుల మధ్య మారడానికి పాత ఏర్పాటు పనికిరాదు, కొత్తగా అమర్చి పిల్లల చేత పరీక్ష చేయించాలి. "క్ష్మ", "స్త్రీ", "జ్ఞా" మూడూ సరిగ్గా పడితే నాకు చాలు.

ఇంతా చేశాక కూడా మూడేళ్లలో మళ్లీ ఇక్కడికే రాకుండా ఉండాలంటే అడగవలసిన ప్రశ్న ఎజెండాలో లేదు. ఈ డబ్బా ఎవరి బాధ్యత? హాలు తాళాలకు మనిషి ఉన్నాడు. ఫ్యాన్లకు, మోటారుకు ఎలక్ట్రీషియన్ నంబరు గోడ మీద ఉంది. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు కావాలి. ఈ డబ్బాకు ఎవరూ లేరు. కొనిచ్చిన దాత పేరు మాత్రం పలకరాతి మీద ఉంది. ప్రోగ్రాం రాసిన అబ్బాయి విదేశాల్లో ఉద్యోగంలో ఉన్నాడు, పాపం అర్ధరాత్రి ఫోను చేసినా జవాబిస్తాడు. అది ఏర్పాటు కాదు, అతని మంచితనం.

ఏటా ఆయుధ పూజ నాడు ఆ డబ్బాకు గంధం, కుంకుమ పెడుతున్నాం. ఒక ఏడాది ఎవరో భక్తి ఎక్కువై గాలి ఆడే రంధ్రాల్లోనే పెట్టారు. పూజ మానమని నేననను. ఆ రోజునే దాని అప్‌డేట్లు కూడా వేసి, ఫైళ్ల కాపీ తీసి, సిస్టం గడువు ఎన్నాళ్లుందో చూసి, పక్కన పెట్టిన నోటు పుస్తకంలో తేదీ వేసి సంతకం చెయ్యాలంటాను. మళ్లీ ఉగాదికి ఒకసారి. ఏడాదికి రెండు పూటల పని. దానికి ఇద్దరు కావాలి, ఒక్కరు చాలరు. ఒకరు పెద్దవాళ్లు, ఊళ్లోనే ఉండేవాళ్లు. ఒకరు ఆదివారం తరగతిలో చదివి పైకి వచ్చిన పిల్లో పిల్లాడో. ఆదేశాలన్నీ ఇంగ్లీషులో టైపు చెయ్యాల్సినవి గనక ఇక్కడ రాయలేదు, కాగితం మీద వరసగా రాసి నోటు పుస్తకంలో అంటిస్తాను. పాస్‌వర్డు కవరులో మూసి కార్యదర్శి గారి దగ్గర ఉంచుదాం.

కాబట్టి ఏడో అంశానికి నా సవరణ ఇది: "గ్రంథాలయ కంప్యూటరుకు కొత్త మెమరీ కార్డు, సరైన అడాప్టరు కొనుట, పాత కార్డును భద్రపరచుట, నిర్వహణకు ఇద్దరు సభ్యులను నియమించుట." బలపరిచేవాళ్లు ఒకరు కావాలి. కింద కామెంటులో పేరు రాయండి. వ్యతిరేకించేవాళ్లు కూడా ఇక్కడే రాయండి, సమావేశంలో సమయం మిగులుతుంది.

ఇంకొక్క విన్నపం. 2018, 2019లో ఆ రికార్డింగులు జరిగిన ఆదివారాల్లో హాలులో ఉన్నవాళ్లు మీ పాత ఫోన్లు ఒకసారి వెతకండి. పక్కన కూర్చుని వీడియో తీసుకున్నవాళ్లు ఒకరిద్దరైనా ఉండి ఉంటారు. మామ్మగారి పాట రెండు చరణాలు దొరికినా చాలు. వాట్సాప్‌లో పంపకండి, వీడియో కుదించుకుపోతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఆదివారం ఉదయం పది తరవాత గ్రంథాలయానికి తీసుకురండి, నేను అక్కడే ఉంటాను.